న్యూరాలజీ, న్యూరోసర్జరీ, సైకియాట్రీ: ఎంబీబీఎస్ అయ్యాక ఏ దారి ఎవరికి?

హౌస్ సర్జన్సీ చేసే ప్రతి బ్యాచ్‌లోనూ "నేను న్యూరో చేస్తాను" అనేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. న్యూరాలజీయా, న్యూరోసర్జరీయా అని అడిగితే మాత్రం జవాబు కాస్త తడబడుతుంది. సైకియాట్రీ మీద లోపల ఇష్టం ఉన్నా, ఇంట్లో ఏమంటారో అని పైకి చెప్పనివాళ్ళూ ఉంటారు. నరాల జబ్బులకి మందులతో వైద్యం న్యూరాలజీ, ఆపరేషన్లతో అయితే న్యూరోసర్జరీ, మనసు జబ్బులది సైకియాట్రీ; మూడూ మెదడు చుట్టూ తిరిగే శాఖలే. కానీ పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా ఆ డాక్టర్లు చేసే పని చూస్తే పోలిక చాలా తక్కువ. పీజీ సీటు కోసం నీట్ పీజీ రాయబోతున్నవాళ్ళనీ, ర్యాంకు వచ్చి ఆప్షన్ల ముందు కూర్చున్నవాళ్ళనీ దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. తల్లిదండ్రులు చదివినా మంచిదే, చాలా ఇళ్ళల్లో ఆప్షన్లు పెట్టేది వాళ్ళే కదా.

## ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

నీట్ పీజీ కౌన్సెలింగ్‌లో న్యూరాలజీ అనే ఆప్షన్ కనిపించదు. అక్కడ మీరు తీసుకునేది ఎండీ జనరల్ మెడిసిన్. మూడేళ్ళు అది చదివి, నీట్ ఎస్‌ఎస్ అనే ఇంకో పరీక్ష రాసి, అప్పుడు ఎండీ పైన చదివే డీఎం న్యూరాలజీ సీటుకి పోటీపడాలి. కార్డియాలజీ, గ్యాస్ట్రో, నెఫ్రాలజీ కావాలనుకునే మెడిసిన్ వాళ్ళంతా మీతోపాటు అదే పరీక్ష రాస్తారు. అందుకని మొట్టమొదటి ప్రశ్న ఇది: డీఎం సీటు రాకపోతే షుగరు, బీపీ, డెంగీ, థైరాయిడ్ చూసుకుంటూ ఫిజీషియన్‌గా హాయిగా ఉండగలరా? ఉండలేననుకుంటే న్యూరాలజీ కోసం మెడిసిన్‌లో చేరడం పెద్ద జూదమే. న్యూరోసర్జరీకి జనరల్ సర్జరీ విషయంలోనూ ఇదే లెక్క, అక్కడ ఎంఎస్ పైన చదివేది ఎంసీహెచ్.

రెండో ప్రశ్న అంతకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. చేసిన పనికి ఫలితం ఎంత త్వరగా కనపడాలి మీకు? కొందరికి సాయంత్రానికల్లా తెలిసిపోవాలి, లేకపోతే మనసు కుదురుగా ఉండదు. ఇంకొందరు ఆరు నెలల తర్వాత రోగి వచ్చి "ఈసారి ఒక్కసారే వచ్చింది డాక్టర్ గారూ" అంటే దాంతోనే తృప్తిపడతారు. రెండింట్లో ఏదీ తప్పు కాదు గానీ, మీరు ఏ రకమో తెలియకుండా శాఖ ఎంచుకుంటే ముప్ఫై ఏళ్ళు ఇబ్బంది పడాల్సి వస్తుంది.

మిగతావి అందరికీ తెలిసినవే. రాత్రిపూట ఫోన్ ఎంత మోగుతుంది, ఎంత పెద్ద ఊళ్ళో ఉండాలి, డబ్బు ఎప్పటికి చేతికొస్తుంది.

| అంశం | న్యూరాలజీ | న్యూరోసర్జరీ | సైకియాట్రీ |
|---|---|---|---|
| మామూలు దారి | ఎండీ మెడిసిన్ 3 ఏళ్ళు, డీఎం 3 ఏళ్ళు | ఎంఎస్ సర్జరీ 3 ఏళ్ళు, ఎంసీహెచ్ 3 ఏళ్ళు | ఎండీ సైకియాట్రీ 3 ఏళ్ళు |
| ఎంబీబీఎస్‌తో కలిపి, గ్యాప్ లేకుండా | 11½ ఏళ్ళు | 11½ ఏళ్ళు | 8½ ఏళ్ళు |
| పీజీతోనే ఆగిపోతే | ఫిజీషియన్ | జనరల్ సర్జన్ | ఆ ప్రశ్నే రాదు |
| రాత్రి పిలుపులు | స్ట్రోక్ (పక్షవాతం) సెంటర్‌లో ఎక్కువ, ఓపీ ప్రాక్టీసులో తక్కువ | చాలా ఎక్కువ | తక్కువ |
| కావాల్సిన హంగులు | దగ్గర్లో సీటీ, ఎమ్మారై. ఈఈజీ (మెదడు కరెంటు పరీక్ష), నరాల పరీక్ష మిషను | ఆపరేషన్ థియేటర్, మైక్రోస్కోపు, ఐసీయూ, మత్తు డాక్టరు | రెండు గదులు, ఓపిక |
| ఫలితం తెలిసేది | నెలల్లో, ఏళ్ళల్లో; స్ట్రోక్‌లో గంటల్లో | గంటల్లో, రోజుల్లో | వారాల్లో, నెలల్లో |

ఈ లెక్కలో పీజీ కోసం ఇంట్లో కూర్చుని చదివే ఏడాదులూ, చదివాక తప్పనిసరిగా చేయాల్సిన ప్రభుత్వ బాండ్ సర్వీసూ లేవు. అవి కలిపితే పద్దెనిమిదేళ్ళకి ఎంబీబీఎస్‌లో చేరినవాళ్ళు డీఎం అయ్యేసరికి ముప్ఫై దాటడం మామూలే.

## న్యూరాలజీ: కథ విని ఊరు కనిపెట్టే పని

న్యూరాలజిస్టు పనిలో సగం వినడమే. ఫిట్స్ వచ్చిన మనిషికి ఏం జరిగిందో తనకే గుర్తుండదు. పక్కన చూసినవాళ్ళు చెప్పాలి: ముందు ఏ చెయ్యి కొట్టుకుంది, తల ఏ పక్కకి తిరిగింది, నాలుక కరుచుకున్నాడా, తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది. ఇప్పుడు ఇంట్లోవాళ్ళు ఫోన్లో వీడియో తీసుకొస్తున్నారు. చాలాసార్లు ఈఈజీ చెప్పని సంగతి ఆ అరనిమిషం వీడియో చెప్పేస్తుంది. అలా విన్నదాన్నీ, సుత్తితో, ట్యూనింగ్ ఫోర్కుతో పరీక్షించి చూసినదాన్నీ కలిపి జబ్బు మెదడులో ఉందా, వెన్నుపాములోనా, నరంలోనా, కండరంలోనా అని ముందు చోటు తేల్చుకోవాలి. జబ్బు పేరు ఆ తర్వాత. ఎమ్మారై వచ్చాక ఈ విద్య అక్కర్లేదని కొందరంటారు. ఎక్కడ స్కాన్ తీయాలో తెలియకపోతే నడుము ఎమ్మారై తీసి, జబ్బు మెడలో ఉన్న రోగిని "నార్మల్" అని ఇంటికి పంపేస్తారు.

ఓపీలో వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తలనొప్పి, ఫిట్స్, పక్షవాతం, తిమ్మిర్లు, తల తిరగడం, మెడనొప్పి, మతిమరుపు, చేతులు వణకడం అంటూ వచ్చేవాళ్ళే. "నరాల బలహీనత, బీ12 ఇంజెక్షన్లు రాయండి" అని అడిగేవాళ్ళకీ కొదవ ఉండదు. పుస్తకంలో అరుదైన జబ్బుల అధ్యాయాలు చదివి ఈ శాఖ మీద మోజుపడ్డవాళ్ళు ఇక్కడే నీరసపడతారు. రోజుకి పదిహేనో తలనొప్పి రోగి కూడా మొదటి రోగిలాగే కథ చెబుతాడు. అందులో ఒకటి మెదడు సిరలో రక్తం గడ్డకట్టిన కేసు కావచ్చు. పదిహేనో కథ కూడా శ్రద్ధగా వినగలిగితేనే అది దొరుకుతుంది.

ఇక మన దగ్గర న్యూరాలజిస్టు చేయాల్సిన ఇంకో పని సిలబస్‌లో ఉండదు. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం ఇప్పటికీ ఉంది. ఆ ఇనుము వల్ల ఏమీ జరగదనీ, పక్కకి తిప్పి పడుకోబెట్టాలనీ, నోట్లో ఏమీ కుక్కకూడదనీ, అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకురావాలనీ ప్రతి కుటుంబానికీ మళ్ళీ మళ్ళీ చెప్పాలి. "సంబంధం కుదిరింది, మందులు ఆపేద్దామా?" అని అడిగే తండ్రికి, ఆపితే పెళ్ళిపందిట్లోనే ఫిట్స్ రావచ్చని చెప్పాలి. పెళ్ళి కావాల్సిన అమ్మాయి వాల్‌ప్రొయేట్ అనే ఫిట్స్ మందు వాడుతుంటే, గర్భంలో బిడ్డకి అది హాని కలిగిస్తుంది కాబట్టి ముందే మార్చే ఏర్పాటు చూడాలి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ జబ్బు ఉంటే పెళ్ళి చెల్లదనడానికి వీలిచ్చే మాటని 1999లో పార్లమెంటు తీసేసింది. ఆ సంగతి చెబితే చాలా కుటుంబాలు ఆశ్చర్యపోతాయి. మూర్ఛ ఉన్నవాళ్ళలో పదిమందికి దాదాపు ఏడుగురికి సరైన మందులతో ఫిట్స్ అదుపులోకి వస్తాయి. ఈ శాఖలో దొరికే సంతోషాల్లో ఇది పెద్దది, కానీ ఏళ్ళ మీద దొరుకుతుంది.

"పేరు పెట్టి చేతులెత్తేసే శాఖ" అని ఒకప్పుడు న్యూరాలజీని మిగతావాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఇప్పుడు ఆ మాటలో పస లేదు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు స్ట్రోక్‌లో పనిచేస్తుందని 1995లో తేలింది. పెద్ద రక్తనాళం మూసుకుపోతే తొడ దగ్గర్నుంచి గొట్టం పంపి గడ్డని లాగేయవచ్చని 2015లో వరసగా వచ్చిన అధ్యయనాలు నిరూపించాయి. మూతి వంకరపోయి, మాట పడిపోయి వచ్చిన మనిషి మర్నాడు పొద్దున సొంతంగా కాఫీ తాగడం చూడవచ్చు. దానికి షరతు ఒకటే: మందు ఇవ్వడానికి మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. ఊళ్ళో ఆర్‌ఎంపీ బీపీ చూసి, సెలైన్ పెట్టి, నాటు మందు కోసం ఒక పూట తిరిగి, ఆరో గంటలో వచ్చేవాళ్ళే మన దగ్గర చాలామంది. స్ట్రోక్ యూనిట్‌లో పనిచేసే న్యూరాలజిస్టుకి ఈ బాధ రోజూ ఉంటుంది, రాత్రి నిద్ర కూడా ఉండదు.

మరోవైపు మోటార్ న్యూరాన్ జబ్బు లాంటివి ఇంకా ఉన్నాయి. రోగి బుద్ధి చురుగ్గానే ఉంటుంది, ఒక్కో కండరమూ చచ్చుబడుతూ పోతుంది. నయం చేసే మందు లేదు. ఆ మాట చెప్పి, చెప్పిన తర్వాత కూడా ప్రతి నెలా ఆ రోగిని చూస్తూనే ఉండాలి. ఇది చేయలేనివాళ్ళు మంచి డాక్టర్లు కాదని కాదు, వేరే శాఖ చూసుకోవడం వాళ్ళకి సుఖం.

డబ్బు సంగతి. కార్డియాలజీ, గ్యాస్ట్రోలతో పోలిస్తే న్యూరాలజీలో చేసే ప్రొసీజర్లు తక్కువ. ఓపీ ఫీజు, ఈఈజీ, నరాల పరీక్షలు, ఐసీయూ కేసులు, ఇవే ఆదాయం. ఒక్కో రోగికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఓపీ నంబరూ మరీ పెరగదు. అయితే హైదరాబాద్, విజయవాడ, విశాఖ దాటితే న్యూరాలజిస్టులు చాలా పలచగా ఉన్నారు. జిల్లా కేంద్రంలో బోర్డు పెడితే రోగుల కోసం ఎదురుచూడాల్సిన పని ఉండదు.

బెంగళూరు నిమ్హాన్స్‌లో ఎంబీబీఎస్ తర్వాత నేరుగా డీఎం న్యూరాలజీలో చేరే దారి ఉంది, ఎయిమ్స్, నిమ్హాన్స్ లాంటి కేంద్ర సంస్థల ప్రవేశ పరీక్ష ఐఎన్‌ఐ సెట్ రాయాలి. సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. న్యూరాలజీయే కావాలని గట్టిగా తెలిసినవాళ్ళకి అంతకన్నా మంచి చోటు లేదు. మధ్యలో మనసు మారితే మాత్రం ఫిజీషియన్ పట్టా చేతిలో ఉండదు.

## న్యూరోసర్జరీ: చేతులూ, కాళ్ళూ, గుండె ధైర్యం

ఇక్కడ ఫలితం వెంటనే తెలుస్తుంది. పెద్దాయన బాత్రూంలో జారిపడ్డాడు, నెల తర్వాత ఒక పక్క చెయ్యీ కాలూ లాగేశాయి. స్కాన్‌లో పుర్రె కింద పాత రక్తం. చిన్న రంధ్రం చేసి తీసేస్తే ఒకటి రెండు రోజుల్లో నడుస్తాడు. అంత స్పష్టమైన ఫలితం మిగతా వైద్యంలో అరుదు. అదే చేతులతో ఆరేడు గంటలు నిలబడి తీసిన గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సరు గడ్డ చాలామందిలో ఏడాదిలోపే తిరిగొస్తుంది. ఈ రెండింటినీ ఒకే వారంలో చూడాలి.

రాత్రి క్యాజువాలిటీకి వచ్చేవి ఎక్కువగా హెల్మెట్ లేని బైక్ ప్రమాదాలు. వచ్చిన వెంటనే కోమా స్కోరు లెక్కపెట్టాలి; 1974లో గ్లాస్గోలో ఇద్దరు న్యూరోసర్జరీ వైద్యులు తయారుచేసిన ఆ స్కేలే ఇవాళ్టికీ క్యాజువాలిటీలో మాట్లాడుకునే భాష. యువకుడు, కొత్తగా పెళ్ళయింది, బయట యాభైమంది బంధువులు. ఆపరేషన్ బాగా జరిగినా మనిషి తిరిగి మామూలు కాకపోవచ్చు, ఆ కోపం అంతా డాక్టర్ మీదికే వస్తుంది. దీనికి సిద్ధపడాలి. ప్రైవేటు ప్రాక్టీసులో కూర్చున్నాక మాత్రం పనిలో పెద్ద వాటా వెన్నుపూసలదే: డిస్కు జారడం, నరం నొక్కుకుపోవడం. మెదడు మీద మోజుతో చేరి నడుముల దగ్గర స్థిరపడినవాళ్ళు బోలెడుమంది.

న్యూరోసర్జన్ ఒంటరిగా ఏమీ చేయలేడు. థియేటర్, ఐసీయూ, మత్తు డాక్టరు, ఇరవైనాలుగు గంటల సీటీ ఉన్న ఆస్పత్రి కావాలి, అంటే పెద్ద ఊరే. కోర్సు అయ్యాక కూడా సీనియర్ నీడలో కొన్నేళ్ళు గడపాలి. ఆదాయం ఆలస్యంగా మొదలై బాగా పెరుగుతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకి కాబట్టి ఆపరేషన్లు చేసే శాఖలకి రోగులు రావడం తేలికయింది. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా చేరే ఆరేళ్ళ కోర్సు ఎయిమ్స్‌లోనూ, జాతీయ పరీక్షల బోర్డు నడిపే డీఆర్‌ఎన్‌బీ పద్ధతిలోనూ ఉంది. అందులో చేరేముందు జనరల్ సర్జరీ పోస్టింగ్‌లో గంటలకొద్దీ నిలబడ్డప్పుడు మీకెలా అనిపించిందో నిజాయితీగా గుర్తుచేసుకోండి.

## సైకియాట్రీ: తక్కువ చదువనుకునే శాఖ

"ఇంత చదివి పిచ్చాసుపత్రిలో చేరతావా?" ఎర్రగడ్డ, చినవాల్తేరు పేర్లు చెప్పి భయపెట్టే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళ మాట పక్కన పెట్టి లెక్క చూడండి. ఒక్క పరీక్ష, మూడేళ్ళు, అంతే. ఆ తర్వాత పిల్లల మానసిక వైద్యం, వ్యసనాల వైద్యం లాంటివాటిలో డీఎం చేయాలనుకుంటే చేయవచ్చు, తప్పనిసరి కాదు. రెండు గదులుంటే ఏ తాలూకా కేంద్రంలోనైనా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. తాగుడు, డిప్రెషన్, పిల్లల చదువు టెన్షన్, నిద్ర పట్టకపోవడం, ఇవి లేని ఊరు లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక జబ్బులకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలని చెప్పింది. 2022 అక్టోబరులో 14416 నంబరుతో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వచ్చింది. ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. సిగ్గుపడకుండా వచ్చేవాళ్ళ సంఖ్య మెల్లగా పెరుగుతోంది.

కష్టం ఎక్కడంటే, రక్తపరీక్షో స్కానో చూసి జబ్బు తేల్చేసే వీలుండదు. మాటే పరికరం. రోగి యాస, కుటుంబంలో ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు ఏం దాస్తున్నారు అన్నవి పట్టుకోగలగాలి. రోగుల్లో ఆత్మహత్యలు జరుగుతాయి. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కటైనా ఎదురుకాని సైకియాట్రిస్టు అరుదు. దాన్ని తట్టుకునే స్వభావం కావాలి. ఇంకో మాట: న్యూరాలజీ ఓపీకి వచ్చే ఫిట్స్‌లో, కాళ్ళు పడిపోవడాల్లో కొన్నిటికి మూలం మానసిక ఒత్తిడి. అటువంటి రోగుల మీద మీకు విసుగు కాకుండా ఆసక్తి పుడుతుంటే మీరు సైకియాట్రీ వైపు మనిషి అని నేననుకుంటాను.

## పక్కదారులు

పిల్లలంటే ఇష్టమైతే ఎండీ పీడియాట్రిక్స్ చేసి డీఎం పీడియాట్రిక్ న్యూరాలజీ చేయవచ్చు. పుట్టినప్పుడు ఏడవని బిడ్డలు, మూర్ఛలు, మాట ఆలస్యం, ఆటిజం, ఇంకా పదహారు కోట్ల ఇంజెక్షన్ కోసం విరాళాలు సేకరించే ఎస్‌ఎంఏ (కండరాలు బలహీనపడే జన్యు జబ్బు) పిల్లల కుటుంబాలు. చేసే నిపుణులు చాలా తక్కువ. తల్లులతో మాట్లాడటమే సగం వైద్యం.

మెడిసిన్ చేసి ఫిజీషియన్‌గానే ఉండి, ఫిట్స్, తలనొప్పి, పక్షవాతం తర్వాత సంరక్షణ బాగా నేర్చుకోవడం కూడా గౌరవమైన దారే. చిన్న ఊళ్ళల్లో ఇలాంటి ఫిజీషియన్ చేసే మేలు పెద్దది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

అమెరికా వెళ్ళాలనుకునేవాళ్ళకి లెక్క వేరు. అక్కడ ముందు ఎండీ మెడిసిన్ పూర్తిచేసే పని లేదు. న్యూరాలజీ రెసిడెన్సీ, అంటే అక్కడి పీజీ శిక్షణ, నాలుగేళ్ళు, అందులో మొదటి ఏడాది ఎక్కువగా మెడిసిన్. సైకియాట్రీ కూడా నాలుగేళ్ళే. న్యూరోసర్జరీ ఏడేళ్ళు, బయట దేశాల వాళ్ళకి సీటు దొరకడం చాలా కష్టం. అక్కడి లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1 2022 నుంచి పాస్, ఫెయిల్ మాత్రమే అయింది కాబట్టి స్టెప్ 2 మార్కులూ, అక్కడి ఆస్పత్రుల్లో చేసిన అనుభవమూ ఎక్కువ పనికొస్తాయి. వీసా టెన్షన్ విడిగా లెక్కపెట్టుకోండి.

## ఎవరికి ఏది

సొంత ఊళ్ళో, అమ్మానాన్నల దగ్గర త్వరగా స్థిరపడాలనుకునేవాళ్ళకి సైకియాట్రీ మొదట. ఇంటి మీద అప్పుండి, ముప్ఫైలోపు సంపాదన తప్పనివాళ్ళకీ అదే చెబుతాను. ఓపిక ఉండి జిల్లా కేంద్రంలో ఉండాలనుకుంటే న్యూరాలజీ.

పెళ్ళి, పిల్లల గురించి ఆడపిల్లలని అడిగినంతగా మగపిల్లలని ఎవరూ అడగరు. అయినా వాస్తవం చెప్పాలి: డీఎం మూడేళ్ళూ, ఎంసీహెచ్ మూడేళ్ళూ సరిగ్గా ఆ వయసులోనే పడతాయి. డీఎం అయ్యాక న్యూరాలజీలో పని వేళలు మన చేతిలో పెట్టుకోవచ్చు: ఓపీ, ఎపిలెప్సీ (మూర్ఛ), పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) క్లినిక్ అంటూ. న్యూరోసర్జరీలో ఆ వెసులుబాటు కష్టం, ఇంట్లో గట్టి ఆసరా ఉంటే తప్ప.

చేత్తో చేయందే తోచనివాళ్ళు, కానీ రాత్రంతా థియేటర్‌లో ఉండలేమనుకునేవాళ్ళు డీఎం న్యూరాలజీ తర్వాత రక్తనాళాల్లో గొట్టాలతో చేసే ఇంటర్వెన్షన్ ఫెలోషిప్ చూడండి. ఒక్క హెచ్చరిక, స్ట్రోక్ రాత్రిళ్ళు కూడా వస్తుంది.

ఎండీ మెడిసిన్ సీటు వచ్చేంత ర్యాంకు లేక, సైకియాట్రీ వస్తున్నవాళ్ళు "ఏడాది ఆగి మళ్ళీ రాస్తాను" అంటారు. న్యూరాలజీ మీద ఇష్టం పోస్టింగ్ చూసి పుట్టిందైతే ఆగండి. పేరు గొప్పగా ఉందని పుట్టిందైతే ఆ ఏడాది దండగ.

## సీటు తీసుకునేముందు

ఇంటర్న్‌షిప్‌లో ఉండగానే పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో, అంటే నిమ్స్, ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి చోట, అనుమతి అడిగి న్యూరాలజీ ఓపీలో ఒక పూట వెనక కుర్చీలో కూర్చోండి. మరో రోజు సైకియాట్రీలో. న్యూరోసర్జరీకైతే ఎమర్జెన్సీ రోజు రాత్రి వెళ్ళండి, పగలు వెళితే ఏమీ తెలియదు.

డీఎం సీటు దగ్గరికొచ్చేసరికి కాలేజీ పేరొక్కటే చూడకండి. వీడియో ఈఈజీ ఉందా, రాత్రిపూట స్ట్రోక్ రోగికి రక్తపు గడ్డ లాగే ప్రొసీజర్ జరుగుతుందా, నరాల పరీక్ష రెసిడెంట్లే స్వయంగా చేస్తారా లేక టెక్నీషియన్ రిపోర్టు మీద సంతకమేనా, మూవ్‌మెంట్ డిజార్డర్లకి (వణుకు లాంటి కదలికల జబ్బులకి) విడి క్లినిక్ ఉందా, ఎపిలెప్సీ సర్జరీ కేసులు చర్చిస్తారా, బాండ్ ఎన్నేళ్ళు, మానేస్తే ఎంత కట్టాలి. ఇవన్నీ హెచ్‌ఓడీని కాకుండా అక్కడ రెండో ఏడాది చదువుతున్న రెసిడెంట్‌ని అడగండి, డ్యూటీ దిగి క్యాంటీన్‌కి వచ్చినప్పుడు.